ఐసీయూ ఇన్ఫెక్షన్లు తగ్గించే పని: క్వాలిటీ ప్రాజెక్టా, రీసెర్చా? ఎథిక్స్ కమిటీకి పంపాలా?

ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్స్, సికింద్రాబాద్

నమస్కారం అండీ. మాది 20 పడకల ఐసీయూ. సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లు తగ్గించడానికి ఆర్నెల్ల పని అనుకున్నాం. లైన్ వేసేటప్పుడు చెక్‌లిస్ట్ ఉంటుంది: చేతుల శుభ్రత, గౌను, మాస్కు, ఒళ్లంతా కప్పే స్టెరైల్ షీటు, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్ (క్రిములను చంపే మందు), వీలైనంతవరకు తొడ దగ్గర లైన్ వేయకపోవడం. రోజూ రౌండ్స్‌లో ‘ఈ లైన్ ఇంకా కావాలా?’ అని అడుగుతాం. దీంతోపాటు సరి సంఖ్య పడకలకు కొత్త డ్రెస్సింగ్ వాడి, బేసి సంఖ్య పడకలకు పాతదే ఉంచి పోల్చుదామని ఒక డాక్టరుగారు అంటున్నారు. ఫలితాలు కాన్ఫరెన్స్‌లో చెప్పాలనీ ఉంది. క్వాలిటీ పనే కదా, ఎథిక్స్ అక్కర్లేదని కొందరు, ప్రచురిస్తే రీసెర్చే అని ఇంకొందరు. ఏది సరి?

ఎథిక్స్ కమిటీ సెక్రటేరియట్, హైదరాబాద్

మేడమ్, మీరు ఒకే ప్రాజెక్టు అంటున్నది నిజానికి రెండు. వాటిని విడదీస్తే సగం చిక్కు తీరిపోతుంది.

చెక్‌లిస్ట్‌లో ఉన్నవన్నీ పనిచేస్తాయని తెలిసినవే. మన వార్డులో రోజూ జరగడం లేదు, జరిగేలా చూడాలి. అది క్వాలిటీ పని. డ్రెస్సింగ్ సంగతి వేరు. ఏ రోగికి ఏది వాడాలన్నది డాక్టరు కాకుండా పడక నంబరు నిర్ణయిస్తోంది. ఆ క్షణమే అది ట్రయల్ అవుతుంది. పూర్తి ప్రోటోకాల్, కమిటీ అనుమతి, మన ఊళ్లో అయితే తెలుగు, హిందీ, ఉర్దూల్లో సమ్మతి పత్రాలు కావాలి. మొదటి రోగిని చేర్చకముందే సీటీఆర్ఐలో (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదవాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి ముందస్తు నమోదునే అక్కడ స్వీకరిస్తున్నారు. పైగా సరి-బేసి పద్ధతి బలహీనమైనది. ఏ పడకకు ఏ డ్రెస్సింగో అందరికీ తెలుసు కాబట్టి రోగిని ఎక్కడ చేర్చాలన్న నిర్ణయమే ఫలితాన్ని వంకర తిప్పగలదు.

ప్రచురణ ఒక్కటే కొలమానం కాదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు సంస్థలో జరిగే క్వాలిటీ కంట్రోల్, క్వాలిటీ అష్యూరెన్స్ ఆడిట్లను సమీక్ష నుంచి మినహాయింపు ఇవ్వదగ్గవాటిలో చేర్చాయి. కానీ మినహాయింపు మీకు మీరు ఇచ్చుకునేది కాదు, కమిటీ ఇవ్వాలి. పని మొదలుపెట్టకముందే లేఖ తీసుకోండి. అయిపోయిన పనికి వెనక తేదీతో అనుమతి దొరకదు. తర్వాత జర్నల్ అడిగితే చూపించడానికి కాగితం ఉండదు.

ఈ గందరగోళం మనకే కాదు. ఇదే చెక్‌లిస్ట్‌ను మిషిగన్ ఐసీయూల్లో అమలుచేసి 2006లో ఫలితాలు ప్రచురిస్తే, అది రీసెర్చే అని 2007లో అమెరికా ప్రభుత్వ కార్యాలయం అభ్యంతరం చెప్పింది. చెక్‌లిస్ట్ వాడకాన్ని కొనసాగించుకోవచ్చని 2008 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది.

క్వాలిటీ మేనేజర్, గచ్చిబౌలి

లేఖ ఒక పేజీ చాలు. సమస్య, మార్చే పద్ధతి, ఏ డేటా ఎవరు చూస్తారు, రోగికి మామూలు వైద్యానికి మించి ఏమీ చేయడం లేదన్న మాట రాసి, చెక్‌లిస్ట్ జతచేయండి. కొలవడం కోసమే అదనంగా బ్లడ్ కల్చర్ తీసినా, రోగులతో ప్రశ్నావళి నింపించినా ఆ మాట నిలవదు. అప్పుడు మళ్లీ కమిటీకి వెళ్లాల్సిందే. డీఎన్‌బీ విద్యార్థి దీన్ని థీసిస్‌గా చేసుకుంటే, పేరు ఏదైనా సరే, కమిటీ అనుమతి తప్పదు.

రేటు లెక్క: ఇన్ఫెక్షన్లను లైన్ రోజులతో (రోజూ లైన్ ఉన్న రోగుల సంఖ్యల మొత్తంతో) భాగించి 1000తో గుణించాలి. లైన్లున్న రోగులను రోజూ ఒకే సమయానికి లెక్కపెట్టండి. ఒకే రోగికి రెండు లైన్లున్నా ఒక రోజే. నెలకు 300 లైన్ రోజులుంటే ఒక్క ఇన్ఫెక్షన్ రేటును 3.3కు తీసుకెళ్తుంది, కాబట్టి రేటు ఒక్కటే చూస్తే మోసపోతారు. చెక్‌లిస్ట్ పూర్తిగా పాటించిన శాతాన్ని వారంవారం రన్ చార్ట్‌లో (కాలక్రమంలో అంకెలు చూపే గ్రాఫ్‌లో) పెట్టండి. మీడియన్‌కు (మధ్య విలువకు) ఒకే పక్క వరుసగా ఆరు బిందువులు వస్తే మార్పు నిజమని నమ్మొచ్చు.

రోగుల పేర్లు, యూహెచ్ఐడీ (ఆసుపత్రి గుర్తింపు) నంబర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఏ నర్సు ఏ మెట్టు వదిలేసిందో కూడా పెట్టొద్దండీ. పేరు బయటపడుతుందంటే మర్నాటి నుంచి ఫారాలు నూటికి నూరు నిండుతాయి, ఇన్ఫెక్షన్లు మాత్రం తగ్గవు.

ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్స్, సికింద్రాబాద్

చాలా థాంక్స్ అండీ. సరి-బేసి ఆపేసి, డ్రెస్సింగ్‌ను అన్ని పడకలకూ ఒకేసారి తెస్తే? అది క్లోర్‌హెక్సిడిన్ ఉన్నదే.

ఎథిక్స్ కమిటీ సెక్రటేరియట్, హైదరాబాద్

అలాగైతే బాగుంటుంది మేడమ్. 2 నెలలు దాటిన రోగులకు ఆ డ్రెస్సింగ్‌ను అమెరికాలోని షియా (SHEA, ఆసుపత్రి ఇన్ఫెక్షన్ల నివారణ నిపుణుల సంఘం) 2022లో తప్పనిసరిగా పాటించాల్సిన పద్ధతుల్లోనే చేర్చింది. మేలు తెలిసినదాన్ని సగం పడకలకు ఆపడాన్ని ఏ కమిటీ ముందైనా సమర్థించుకోవడం కష్టం. పెద్దల ఐసీయూ అయితే అందరికీ వాడండి, లేఖలో ఆ విషయమూ రాయండి. చెక్‌లిస్ట్‌తో కలిపి ఒకేరోజు మాత్రం మొదలుపెట్టొద్దు. రెండూ ఒకేసారి మారితే దేనివల్ల తగ్గిందో చార్ట్ చెప్పదు. చెక్‌లిస్ట్ మూడు నెలలు నడిచాక డ్రెస్సింగ్ తెచ్చి, ఆ తేదీ దగ్గర చార్ట్ మీద గీత గీయండి.