బ్లీడింగ్ చేశాక కూడా బ్రేక్ పెడల్ మెత్తగానే ఉంది

ప్రశ్న: కారుకి వెనక వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేక్‌ని నెట్టే భాగం) మార్చి బ్లీడింగ్ (బ్రేక్ లైన్‌లోంచి గాలి తీయడం) చేశాను. పెడల్ ఇంకా మెత్తగా లోపలికి పోతోంది, వెంటవెంటనే తొక్కితే మాత్రం గట్టిపడుతోంది. లీకేజీ ఎక్కడా లేదు. టెన్షన్‌గా ఉంది, ఏం చూడాలి?

జవాబు 1: లైన్‌లో ఇంకా గాలి ఉందండి. ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది, అందుకే పెడల్ అలా దిగుతుంది. పక్కన ఒకరిని కూర్చోబెట్టి పెడల్ తొక్కి అలాగే పట్టుకోమనండి, మీరు చక్రం దగ్గరున్న నిపుల్ (గాలి బయటికి వదిలే చిన్న స్క్రూ) వదులు చేసి, బుడగలు వచ్చాక బిగించండి, ఆ తర్వాతే ఆయన కాలు తియ్యాలి, ముందే తీస్తే గాలి మళ్లీ లోపలికి లాగేస్తుంది. రిజర్వాయర్ (బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా) ఖాళీ కానివ్వకండి, ఇది చాలా ముఖ్యం.

జవాబు 2: వెనక డ్రమ్ములైతే షూ (డ్రమ్ముని లోపలి నుంచి ఒత్తే భాగం) అడ్జస్ట్‌మెంట్ కూడా చూడండి. షూకీ డ్రమ్ముకీ మధ్య గ్యాప్ ఎక్కువున్నా ఇదే లక్షణం.

జవాబు 3: ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు లాక్ కాకుండా చూసే సిస్టమ్) ఉందా? దాని యూనిట్‌లో గాలి చిక్కితే కొన్ని మోడళ్లలో గాలి తీయడానికి స్కానర్ (కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరం) పెట్టాల్సిందే. బయటికొచ్చిన ఫ్లూయిడ్ మళ్లీ పొయ్యొద్దు, పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. పెడల్ గట్టిపడేదాకా దయచేసి బండి రోడ్డెక్కించకండి.