ఏటా లేవీయకాండం దగ్గరే ఆగిపోతున్న బైబిల్ పఠనం: వరుస మార్చాలా?

మిర్యాలగూడ దగ్గర పల్లెలో మా సంఘం ఏటా జనవరి 1న బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండం మొదలుపెడుతుంది. రోజుకు 3 అధ్యాయాలు, ఆదివారం 5. వారానికి 23 చొప్పున 1189 అధ్యాయాలూ ఏడాదిలో అయిపోవాలి. లెక్క సరిగ్గానే ఉంది, మనుషులే మిగలడం లేదు.

ఆదికాండం, నిర్గమకాండం కలిపి 90 అధ్యాయాలు. అంటే ప్రత్యక్ష గుడారం (ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారం) కొలతలు, వాటి వెంటే మూడో పుస్తకం లేవీయకాండంలోని బలుల నియమాలు వచ్చేది జనవరి ఆఖర్లో, యాసంగి నాట్లు ముమ్మరంగా ఉన్నప్పుడు. తెల్లారకముందే ఆడవాళ్లు నాట్లకు ఆటో ఎక్కుతారు. ఒక్క వారం తప్పితే 23 అధ్యాయాల బాకీ. చాలామంది పుస్తకం మూసేసేది ఆ బాకీ చూసే.

పొద్దున 5 గంటల కూడికను రాత్రి 8కి మార్చాం. రెండో అధ్యాయానికే కునికిపాట్లు. వాట్సాప్‌లో ఆడియో పెడితే దండం బొమ్మలొస్తున్నాయి గానీ, మర్నాడు పాపపరిహారార్థబలి గురించి అడిగితే నోరు మెదిపేవాళ్లు లేరు. తప్పినవి వదిలేసి ఈరోజు భాగంలో కలవమన్నాం. కొంత నయం, కానీ పెద్దవాళ్లు "మధ్యలో వదిలితే చదివినట్టేనా" అంటున్నారు. రోజుకో కీర్తన చేర్చింది మాత్రం నిలబడింది, 119వది తప్ప (176 వచనాలు మరి!).

ఇప్పుడు అనుకుంటున్నది: నాట్లయ్యేదాకా మార్కు సువార్త 16 అధ్యాయాలు రోజుకొకటి చదివి, లేవీయ, సంఖ్యాకాండాల 63 అధ్యాయాలు ఆ తర్వాత పట్టుకోవడం.

సేద్యం ఊళ్లలో గుంపుగా చదివించినవాళ్లు చెప్పండి: జనాన్ని ఐదో పుస్తకం ద్వితీయోపదేశకాండం దాకా నిలబెట్టింది ఇలా వరుస మార్చడమా, లేక వరుస అలాగే ఉంచి రోజుకు ఒక్క అధ్యాయానికి తగ్గించడమా?