సమస్యాపూరణం: “పనిని విడుచువాఁడె పనిని గెలుచు”

నిర్వాహకుడు (విజయనగరం): ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. పైకి సోమరిని పొగిడినట్టుంది. ఉద్యోగంలో ముందుచూపు ఎలా అలవడుతుందో చెబుతూ ఈ విరోధాన్ని విప్పాలి. వచ్చిన ఫైలును సాయంత్రంలోగా తేల్చి పంపడమే పనితనమని నేను చాలా ఏళ్లు నమ్మాను. అన్ని ఫైళ్లు అసలు ఎందుకు వస్తున్నాయని ఆలోచించలేదు. ఈ సమస్య అక్కడ పుట్టింది.

చంపావతి:
ఒక్కఁ డన్ని పనుల నొడిసి పట్టిన నేమి?
తోటివారి కిచ్చి తొలఁగవలయు;
తీరికున్నఁ గాని తెలియదు ముందేమొ;
పనిని విడుచువాఁడె పనిని గెలుచు.

నిర్వాహకుడు: మూడో పాదం చక్కగా కుదిరింది. ‘తొలఁగవలయు’ మాత్రం ఒప్పుకోలేను. బరువు పక్కవారి నెత్తిన పెట్టి తప్పుకోవడం ముందుచూపు కాదు. ‘తోటివారి కిచ్చి తోడు నిలుము’ అనండి. యతి (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో పొత్తు) చెడదు, పని చేతిని విడిచినా బాధ్యత విడవలేదని తెలుస్తుంది.

మహేంద్రతనయ (పలాస):
జీడిగుట్ట పెరిగి చేతులు నొచ్చిన
నెచట సరుకు నిలిచె నెఱుఁగవలయు;
నిమిష మాగి చూడఁ గనిపించు మూలమ్ము;
పనిని విడుచువాఁడె పనిని గెలుచు.

ఇది నేను చూసిన సంగతే. పొట్టు తీసే బల్లల దగ్గర సరుకు పేరుకుపోతుంటే పిక్కలు కొట్టేవాళ్లను ఇంకా తొందరపెట్టేవాళ్లం. తీరా చూస్తే లోపం కొట్టే దగ్గర లేదు, తీసే దగ్గరా లేదు. మధ్యలో ఆరబెట్టే ట్రేలలో పప్పు మోతాదు మించి పోస్తున్నాం. సరిగా ఆరని పప్పుకు పొట్టు ఊడదు. గట్టిగా లాగితే గుండు (నిండు పప్పు) కాస్తా బద్ద అవుతుంది, ధర పడిపోతుంది. మా తొందరే ఆ గుట్టను పెంచింది.

సువర్ణముఖి: అయ్యా, భావం గొప్పది. మూడో పాదంలో ‘ని’కి ‘గ’తో యతి కుదరలేదు.

నిర్వాహకుడు: అవును. ‘గడియ యాగి చూడఁ గనిపించు మూలమ్ము’ అంటే సరి. ఈ సవరణ ఛందస్సుకే కాదు, అర్థానికీ కావాలి. గడియ అంటే 24 నిమిషాలు. నిమిషం ఆగితే అలుపు తీరుతుంది, అంతే. సరుకు ఎక్కడ నిలిచిందో వెతకాలంటే గడియైనా కూర్చోవాలి, ఆ గడియను రోజులో ముందే కేటాయించుకోవాలి. మరొక మాట: ట్రేలు సరిచేశాక సరుకు తర్వాత ఎక్కడ ఆగుతుందో కూడా చూడాలి. 1757 జనవరిలో బొబ్బిలి కోట పడింది. గెలిచిన విజయరామరాజు కొద్ది రాత్రులకే తన డేరాలోనే తాండ్ర పాపారాయుడి చేతిలో ప్రాణం కోల్పోయాడు. మా ఊళ్లో ఈ కథ విననివారుండరు. కోట పడ్డాక రాత్రి కాపలా ఎలా ఉండాలన్నది కూడా యుద్ధంలో భాగమే కదా!

సువర్ణముఖి:
చదువువారు లేని జాబితా లెన్నియో
నెలనెలకును వ్రాసి నీరసించి
యెందు కనుచు నడిగి యిఁకమీఁద వలదన్న
పనిని విడుచువాఁడె పనిని గెలుచు.

నిర్వాహకుడు: అమ్మా, ఈ వారానికి ఇదే మేలైన పూరణ. ‘వలదన్న’ అన్న మాట తర్వాతి ‘పనిని’కి అతుక్కోగానే విరోధం విడిపోయింది. విడిచే పని వేరు, గెలిచే పని వేరు.

మహేంద్రతనయ: కానీ కింది ఉద్యోగి వలదంటే ఎవరు వింటారు?

సువర్ణముఖి: నేను వలదనలేదు, అడిగాను. మేము నెలనెలా పంపే పదకొండు గడుల పట్టికను ఎవరు వాడుతున్నారని పైవారి అనుమతితోనే కనుక్కున్నాను. ఒకే ఒకరు, అదీ ఒక్క గడి చూస్తున్నారు. ఇప్పుడు ఆ గడి మాత్రమే పంపుతున్నాం. అలా ఆదా అయిన రెండు రోజులూ పాత బకాయిలు ఎందుకు పేరుకుంటున్నాయో చూస్తున్నాను.

నాగావళి (పొందూరు):
వడుకుటకును ముందు వాలుగ దవడతోఁ
బత్తి దువ్వునట్లు పథము నరసి
రాట్న మాపి కొంత రాఁబోవునది చూచి
పనిని విడుచువాఁడె పనిని గెలుచు.

నిర్వాహకుడు: వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వడం మన పొందూరు ఖద్దరుకే చెల్లిన పని. దువ్వేటప్పుడు నూలు ఒక్క మూరైనా రాదు. దువ్వకపోతే 100 కౌంటు సన్నదనమూ రాదు. ఆలోచనకు ఇంతకంటే దగ్గరి పోలిక నాకు తోచదు. అయితే ‘పథము నరసి’, ‘రాఁబోవునది చూచి’ రెండూ ఒకే మాట. పైగా దువ్వేసరికి రాట్నం ఇంకా తిరగనే లేదు, ఆపడం ఎక్కడిది?

నాగావళి: నిజమే గురువుగారూ. మా అమ్మ దువ్వడం అయ్యేదాకా రాట్నం జోలికి వెళ్లేది కాదు. ‘రాట్న మంటకుండ రాఁబోవునది చూచి’ అని మారుస్తున్నాను. రెండో పాదం ఇంకా తేలలేదు, రేపు పంపుతాను.