మృతదేహానికి సీటీ స్కాన్: ఏర్పాట్లు ఎలా చేసుకున్నారు?

నమస్కారం. నేను ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఫోరెన్సిక్ మెడిసిన్ పీజీ చేస్తున్నాను. రోడ్డు ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలి చనిపోయినవారికి పోస్ట్‌మార్టం ముందు సీటీ తీసి, రెండింటిలో కనిపించినవి పోల్చడం నా థీసిస్. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఈ పద్ధతి ఇరవై ఏళ్ల పైనుంచీ ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 2021లో మొదలైంది. మా మార్చురీకి మాత్రం వేరే స్కానర్ లేదు, పేషెంట్లకు వాడేదే వాడాలి.

అసలు టెన్షన్ అక్కడే. ఇలా చేసినవాళ్లు సూపరింటెండెంట్‌ను, రేడియాలజీ వాళ్లను ఎలా ఒప్పించారు? రాత్రిపూట తీశారా? బాడీని స్కాన్ గదికి తీసుకెళ్లి తెచ్చేదాకా కానిస్టేబుల్‌ను వెంట ఉంచారా? రిజిస్టర్‌లో ఏం రాశారు? బాడీని ఉంచే బ్యాగ్‌కు లోహపు జిప్ ఉంటే స్కాన్‌లో చారలు పడతాయి, ప్లాస్టిక్ జిప్ బ్యాగులు ఎక్కడ కొన్నారో కూడా చెప్పండి.

రిపోర్టు చదవడం ఇంకో సమస్య. చనిపోయాక రక్తం ఊపిరితిత్తుల కిందివైపుకు దిగి న్యుమోనియాలా కనిపిస్తుంది. కుళ్లినప్పుడు పుట్టే గ్యాస్‌ను చూసి రక్తనాళాల్లోకి గాలి చేరిందని పొరబడొచ్చు. దీనికి శిక్షణ మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఇస్తున్నారా?

కోత అవసరమే ఉండదని నేను అనడం లేదు. విషం కేసుల్లో విసెరా (లోపలి అవయవాల భాగాలు) ల్యాబ్‌కు పంపాల్సిందే. కానీ "కోయకుండా ఇవ్వలేరా సార్" అని అడిగే తల్లిదండ్రులను తరచూ చూస్తున్నాను. కొన్ని కేసుల్లోనైనా వాళ్ల మాట మన్నించగలిగితే చాలా మేలు. మీ దగ్గర వాడిన సమ్మతి పత్రం నమూనా ఉంటే దయచేసి పంపండి.