కంఫర్టబ్లీ నంబ్ రెండవ సోలో నాదాన్ని డిజిటల్ మోడలర్ ఇవ్వగలదా?

నల్లతీగ (హైదరాబాదు), చర్చ ప్రారంభం:

సభ్యులందరికీ నమస్కారం. పింక్ ఫ్లాయిడ్ బృందం 1979 నవంబరు 30న విడుదల చేసిన ‘ది వాల్’ ఆల్బమ్‌లో, కంఫర్టబ్లీ నంబ్ పాట చివర ఆ బృందపు గిటారిస్టు డేవిడ్ గిల్మర్ వాయించిన రెండవ సోలో నాదం కోసం నేను నాలుగేళ్లుగా సాధన చేస్తున్నాను. నల్ల స్ట్రాటోకాస్టర్ గిటారు, నాదాన్ని వక్రీకరించే బిగ్ మఫ్ ఫజ్ పెడల్, 100 వాట్ల హైవాట్ డీఆర్103 వాల్వు ఆంప్ (గాజు వాల్వులతో శబ్దాన్ని పెంచే పరికరం), ఫేన్ స్పీకర్లు బిగించిన వెమ్ క్యాబినెట్లు (స్పీకరు పెట్టెలు), ఆ పైన కొంత డిలే (ప్రతిధ్వని) అనే వరుస మనలో చాలామందికి తెలిసినదే. ఈ వరుసలోని ప్రతి పరికరానికీ నా మోడలర్‌లో (ఆంపులనూ పెడళ్లనూ లెక్కలతో అనుకరించే పరికరంలో) ఒక డిజిటల్ ప్రతిరూపం ఉంది. నేను అపార్టుమెంటులో ఉంటాను కాబట్టి హెడ్‌ఫోన్లలోనే వాయిస్తాను.

ఈ నాదం కోసం ఇక వాల్వు ఆంప్ కొనవలసిన అవసరం లేదన్నది నా వాదం. 1998లో లైన్ 6 సంస్థ పాడ్ అనే మోడలర్‌ను తెచ్చినప్పుడు ఈ మాట అని ఉంటే అతిశయోక్తి అయ్యేది. 2011లో వచ్చిన కెంపర్ ప్రొఫైలర్, 2015లో వచ్చిన హీలిక్స్, ఆ తరువాత న్యూరల్ నెట్‌వర్కులతో ఒక ఆంప్ ప్రవర్తనను నేర్చుకునే పద్ధతులు వచ్చాక, వేగంగా సాగే పలుకులలో నా రికార్డింగును, అసలు ఆంప్ రికార్డింగును విడదీసి చెప్పడం నాకు చేతకావడం లేదు. అయితే ఒక్కచోట మాత్రం నేను ఓడిపోతున్నాను. తీగను సాగదీసి పట్టి ఉంచిన పొడవైన స్వరం అసలు రికార్డులో క్షణక్షణానికీ నిండుగా విచ్చుకుంటుంది. నా హెడ్‌ఫోన్లలో అదే స్వరం కాసేపు నిలిచి, సన్నబడి, చివరకు ఇసుక రాలినట్లు చెదిరిపోతుంది. ఇది వాల్వులు లేని లోపమని నా మిత్రుడు అంటాడు, నా చేతి లోపమని నేను అంటాను. మీ అభిప్రాయాలు కారణాలతో సహా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

వాల్వుదీపం (విశాఖపట్నం):

నల్లతీగ గారూ, మీ మిత్రుడు చెప్పినదే సరి. నేను ఇరవై ఏళ్లుగా వాల్వు ఆంపులతోనే వాయిస్తున్నాను. సముద్రపు గాలికి తుప్పు పట్టే సాకెట్లను తుడుచుకుంటూ, అరిగిపోయిన వాల్వులను మార్చుకుంటూ కూడా వాటిని వదలలేదంటే కారణం ఉంది. నాలుగు ఈఎల్34 వాల్వులు, బరువైన ట్రాన్స్‌ఫార్మరు, పన్నెండు అంగుళాల స్పీకర్లు నాలుగు కలిసి పనిచేస్తున్నప్పుడు, మీటు బలాన్ని బట్టి ఆంప్ ఇచ్చే జవాబు మారుతుంది. పెట్టెలో కొలిచి పెట్టిన ప్రతిరూపం ఆ కొలిచిన క్షణాన్నే పదేపదే ఇస్తుందన్నది నా అనుభవం.

అంతకంటే ముఖ్యమైనది గాలి. స్పీకరు నుంచి వచ్చే శబ్దం గిటారు చెక్కనూ తీగనూ తిరిగి కదిలిస్తుంది, ఆ కదలిక మళ్లీ పికప్‌లోకి (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగంలోకి), ఆంప్‌లోకి వెళుతుంది. మీరు చెప్పిన ‘విచ్చుకోవడం’ ఆ వలయంలోనే పుడుతుంది. కింగ్ క్రిమ్సన్ నాయకుడు రాబర్ట్ ఫ్రిప్ 1977లో డేవిడ్ బోవీ ‘హీరోస్’ పాటకు వాయించినప్పుడు ఏం చేశారో గుర్తు చేసుకోండి. స్పీకరుకు ఏ స్వరం ఎంత దూరంలో ఫీడ్‌బ్యాక్ అవుతుందో, అంటే ఆ వలయంలో మోగుతూ నిలుస్తుందో, చూసుకుని, నేల మీద గుర్తులు పెట్టుకుని, స్వరం మారినప్పుడల్లా ఆ గుర్తుల మధ్య నడిచారు. గదిలో అడుగు కదిపితే మారిపోయే నాదాన్ని హెడ్‌ఫోన్లలో ఎలా వెతుకుతారు?

సంకేతశోధన (డల్లస్):

ఇద్దరి వాదాలలోనూ కొంత నిజముంది, కొంత పొరపాటు ఉంది. నా వృత్తి సంకేతాల విశ్లేషణ కాబట్టి ఈ విషయంలో కొంచెం విస్తారంగా రాస్తున్నాను, సభ్యులు ఓపికతో చదవగలరు.

మొదట వాల్వుల సంగతి. వాల్వుదీపం గారు చెప్పిన మీటు స్పందన చాలా ఆంపుల విషయంలో నిజమే. కానీ హైవాట్ ఆంపులకు పేరు వచ్చింది అందుకు భిన్నమైన గుణం వల్ల. హైవాట్ స్థాపకుడు డేవ్ రీవ్స్ వాటిని బిగ్గరగా ఉన్నా శుభ్రంగా, గట్టిగా, వంకర పోకుండా మోగేలా రూపొందించారు. గిల్మర్‌కు కావలసినదీ అదే: వక్రీకరణ అంతా పెడల్ చేయాలి, ఆంప్ దానిని మార్చకుండా పెద్దది చేయాలి. దాదాపు వక్రీకరించని ఆంప్‌ను డిజిటల్‌గా అనుకరించడం కష్టమైన పని కాదు. కాబట్టి ఈ ఒక్క నాదం విషయంలో వాల్వుల మీద వాదన నిలబడదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కష్టమంతా బిగ్ మఫ్‌లో ఉంది. అందులో నాలుగు ట్రాన్సిస్టర్ దశలు వరుసగా ఉంటాయి. మధ్య రెండు దశలలో డయోడ్లు తరంగం తలనూ అడుగునూ నున్నగా కోసేస్తాయి. అలా కోసినప్పుడు అసలు స్వరానికి చాలా పైన కూడా కొత్త అనుస్వరాలు (అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు) పుడతాయి. సెకనుకు 48,000 నమూనాలు తీసుకునే వ్యవస్థ 24 కిలోహెర్ట్జ్ దాటిన దేనినీ నిలుపుకోలేదు. 30 కిలోహెర్ట్జ్ దగ్గర పుట్టిన అనుస్వరం మడత పడి 18 కిలోహెర్ట్జ్ దగ్గర తేలుతుంది, ఇంకా పైన పుట్టినవి ఇంకా కిందికి, మనకు స్పష్టంగా వినబడే చోటికి వస్తాయి. తీగను పైకి సాగదీస్తుంటే అసలు స్వరం పైకి పోతుంది, మడత పడినది కిందికి జారుతుంది. నల్లతీగ గారు ‘ఇసుక రాలినట్లు’ అన్నది ఇదే కావచ్చు. లోపల ఎనిమిది రెట్లు, అంటే సెకనుకు 3,84,000 నమూనాల వేగంతో లెక్కించే మోడల్‌లో ఇది చాలావరకు అణగిపోతుంది. మీ పరికరంలో ఇలా ఎక్కువ వేగంతో లెక్కించే ఓవర్‌శాంప్లింగ్ ఎంపిక ఉందేమో ముందు చూడండి.

ఫజ్ పెడల్ ముందు బఫర్ (తరువాతి పరికరాల భారం పికప్ మీద పడకుండా కాపాడే చిన్న సర్క్యూట్) ఉంటే నాదం చెడిపోతుందని, మోడలర్ ముఖద్వారమే ఒక బఫర్ కాబట్టి అది ఎప్పటికీ సరిరాదని కొందరు వాదిస్తుంటారు. 1973 నాటి ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఆల్బమ్‌లో వాడిన ఫజ్ ఫేస్ అనే పెడల్ విషయంలో ఆ మాట నిజం. దాని ప్రవేశ నిరోధం (ఇన్‌పుట్ ఇంపిడెన్స్) చాలా తక్కువ కనుక అది నేరుగా పికప్ మీద భారం వేస్తుంది, గిటారు వాల్యూమ్ కొద్దిగా తగ్గించగానే తేటపడుతుంది. హీలిక్స్ వంటి పరికరాలు ప్రవేశ నిరోధాన్ని మార్చుకునే వీలు కల్పించినది ఇటువంటి వాటి కోసమే. కానీ 1976 నుంచి గిల్మర్ పెడల్ బోర్డులను తయారుచేసిన పీట్ కార్నిష్ తన బోర్డులలో బఫర్లు పెట్టేవారు. అందువల్ల ‘ది వాల్’ కాలం నాటి బిగ్ మఫ్ నాదానికి బఫర్ శత్రువు కాదు.

ఇక స్పీకరు. మోడలర్‌లో స్పీకరుకు బదులుగా మనం వాడే ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్) అనేది ఒక మైకు, ఒక స్పీకరు, ఒక చోటు కలిసి శబ్దాన్ని ఎలా మలుస్తాయో చెప్పే స్థిరమైన ముద్ర. బిగ్గరగా మోగినప్పుడు స్పీకరు కాగితం ప్రవర్తన మారడాన్ని అది పట్టుకోలేదు. పైగా ఆ కాలంలో గిల్మర్ మామూలు క్యాబినెట్లతో పాటు యమహా ఆర్ఏ-200 అనే తిరిగే స్పీకరు పెట్టెను కూడా కలిపి వాడేవారు. ఒక్క ఐఆర్‌తో సరిపెట్టుకుంటే ఆ సున్నితమైన కదలిక ఎక్కడి నుంచి వస్తుంది? అసలు నాదం పక్కన, తక్కువ స్థాయిలో ఒక రోటరీ ఎఫెక్టును జోడించి చూడండి.

ఆలస్యం గురించి ఎవరూ అడగలేదు గానీ ఎప్పుడూ వచ్చే ఫిర్యాదు కనుక చెబుతున్నాను. మోడలర్ వల్ల మూడు మిల్లీసెకన్ల ఆలస్యం వస్తే, అది స్పీకరుకు ఒక మీటరు దూరంలో నిలబడినట్లే. వేదిక మీద నిలబడే గిటారిస్టులు అంతకంటే దూరం నుంచే వింటారు.

చివరగా ఒక మాట. ఆ సోలోను గిల్మర్ ఒక్క విడతలో వాయించలేదు. ఐదారు సార్లు వాయించి, ఒక్కొక్క దానిలో బాగా వచ్చిన ముక్కలను గుర్తించి, మిక్సింగ్ బల్ల మీద ఫేడర్లు (శబ్ద స్థాయి మీటలు) మారుస్తూ కలిపి కూర్చారు. నల్లతీగ గారు వెతుకుతున్నది గదిలో ఒక ఆంప్ ముందు నిలబడితే వినబడే నాదమా, లేక మైకు, బల్ల, టేపు, మిక్స్ దాటి వచ్చిన రికార్డు నాదమా? మోడలర్ బాగా ఇవ్వగలిగేది రెండవదే.

మీటుస్వరం (విజయవాడ):

నేను గిటారు నేర్పుతాను, వీణ నేర్చుకుంటున్నాను. ఇంతవరకు జరిగిన చర్చలో చేతి ప్రస్తావన చాలా తక్కువగా ఉంది. మోడలర్‌తో వచ్చే నా విద్యార్థులలో ఎక్కువమంది గెయిన్‌ను (వక్రీకరణ మోతాదును) చివరిదాకా తిప్పి పెడతారు. అప్పుడు మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకే మోత వస్తుంది, గమకంలోని ఎత్తుపల్లాలన్నీ చదునైపోతాయి. గిల్మర్ తీగను సాగదీసి స్వరం నుంచి స్వరానికి వెళ్లే తీరు మన సంగీతంలోని జారు గమకాన్ని గుర్తుకు తెస్తుంది: చేరవలసిన స్వరాన్ని చేరి, అక్కడ కాసేపు నిలిచి, ఆ తరువాతే కంపనం మొదలవుతుంది. ఆ కంపనంలో కొంత భాగం వేళ్లతో కాక, పొట్టిగా కోయించుకున్న ట్రెమొలో కడ్డీతో (తీగల బిగువును మార్చే పిడితో) వస్తుంది. అది స్వరానికి రెండు వైపులా ఊగుతుంది, వేలి కంపనం పైకి మాత్రమే పోతుంది.

పరికరం అనవసరమని మాత్రం నేను అనను. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకుని, జంట తీగల స్థానంలో ఐదు ఒంటి తీగలు కట్టించుకున్నారు. మీటగానే ఆరిపోయే ఆ వాద్యంలో స్వరం నిలవకపోతే గమకానికి చోటే ఉండదు. స్వరం నిలవడమూ చెయ్యి పనిచేయడమూ వేరు వేరు కావు కనుక, నల్లతీగ గారి సమస్యను ‘అంతా వేళ్లలోనే ఉంది’ అని కొట్టిపారేయలేము.

వాల్వుదీపం:

సంకేతశోధన గారూ, హైవాట్ విషయంలో మీ మాటను అంగీకరిస్తున్నాను. నా అనుభవం ఎక్కువగా వేరే ఆంపులతో గడిచింది, దానిని ఇక్కడికి లాగడం సరికాదు. అయితే గాలి వలయం గురించి నేను రాసినదానికి మీ నుంచి సమాధానం రాలేదు. రికార్డులో వినబడే నాదం మైకులూ టేపూ దాటి వచ్చినదే కావచ్చు, కానీ స్పీకరు ఎదుట తీగ ఆ విధంగా కదలకపోతే మైకు పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు.

నల్లతీగ:

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవన్నీ రెండు వారాల పాటు ప్రయత్నించి మళ్లీ రాస్తున్నాను.

ఇంట్లో హెడ్‌ఫోన్లతో మొదలుపెట్టాను. బిగ్ మఫ్‌లో గెయిన్‌ను పెంచే సస్టెయిన్ నాబ్‌ను మూడొంతుల నుంచి సగానికి తగ్గించాను, ఓవర్‌శాంప్లింగ్ పెంచాను, రోటరీని చెవికి ఆనీ ఆననంత స్థాయిలో పక్కన కలిపాను. ఇసుక దాదాపు పోయింది. గెయిన్ తగ్గించినందుకు పోయిందా, ఓవర్‌శాంప్లింగ్ పెంచినందుకు పోయిందా అని ఒక్కొక్కటిగా వెనక్కి మార్చి చూస్తే, ఎక్కువ భాగం గెయిన్ వల్లనే అని తేలింది. మీటుస్వరం గారి విద్యార్థులలో నన్నూ చేర్చుకోవచ్చు. కానీ స్వరం విచ్చుకోవడం మాత్రం రాలేదు.

తరువాత గంటల లెక్కన అద్దెకిచ్చే ఒక రిహార్సల్ గదికి అదే మోడలర్‌ను తీసుకువెళ్లాను. ఐఆర్‌ను ఆపివేసి, ట్రాన్సిస్టర్ పవర్ ఆంప్ ద్వారా పన్నెండు అంగుళాల స్పీకరు ఒక్కదానికి కలిపి, పక్కనున్న మనిషి మాట వినబడనంత బిగ్గరగా పెట్టాను. పాట రెండవ సోలో బి మైనరులో ఉంటుంది కదా, ఆ బి స్వరాన్నే సాగదీసి పట్టుకుని స్పీకరు వైపు తిరిగాను. స్వరం తగ్గలేదు. మెల్లగా నిండి, దాని మీద పై స్థాయి స్వరం ఒకటి తనంతట తాను లేచింది. ఒక అడుగు వెనక్కి వేస్తే అది మారిపోయింది. నాలుగేళ్ల తరువాత మొదటిసారి నా చేతి కింద ఆ నాదం విన్నాను, కళ్లు చెమర్చాయని చెప్పడానికి సంకోచించను.

ఆ గదిలో ఒక్క వాల్వు కూడా లేదు. అందుచేత వాల్వు అవసరం లేదన్న నా వాదాన్ని నిలుపుకుంటున్నాను. హెడ్‌ఫోన్లు చాలన్న నా నమ్మకాన్ని మాత్రం వదులుకుంటున్నాను. అసలు హైవాట్‌నే తెచ్చి, స్పీకరు స్థానంలో లోడ్ బాక్సు (స్పీకరు లాగే ఆంప్ మీద భారం వేసి, శబ్దం చేయని పెట్టె) పెట్టి హెడ్‌ఫోన్లలో విన్నా ఆ స్వరం చెదిరేదే. లోపం మోడలర్‌ది కాదు, ఆ వలయాన్ని తెంచిన నాది. వచ్చే నెల అదే పలుకును ఇంట్లోనూ గదిలోనూ రికార్డు చేసి, ఏది ఎక్కడిదో చెప్పకుండా ఇక్కడ పెడతాను.

వాల్వుదీపం:

తప్పక పెట్టండి, వీలైతే నా దగ్గరున్న 100 వాట్ల వాల్వు ఆంప్‌తో వాయించిన మూడవ రికార్డింగును నేను జతచేస్తాను. ఒక్క షరతు: మూడింటి బిగ్గరతనాన్ని ముందుగా సమానం చేయాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా అదే మెరుగ్గా ఉందని చెవి తీర్పు చెప్పేస్తుంది. ఆ కొలత పనిని సంకేతశోధన గారు చేపడితే నాకు అభ్యంతరం లేదు.