తాబేలు డిప్పకు కొబ్బరినూనె రాయొచ్చా?

కృష్ణలంక: మా పాప పెంచుకునే రెడ్ ఇయర్డ్ స్లైడర్ (విదేశీ నీటి తాబేలు) డిప్ప మీద పొరలు లేస్తున్నాయి. కొబ్బరినూనె రాయమంటున్నారు మా అత్తయ్యగారు. రాయొచ్చా?

గోదారిగట్టు: నిక్షేపంగా రాయండి. మా అమ్మమ్మగారి నూతిలో తాబేలు ఉండేది. పూడిక తీసినప్పుడు పైకొస్తే అమ్మమ్మ నూనె రాసి మళ్లీ వదిలేది. బల్బులూ మందులూ ఎరగం. డిప్ప రాయిలా ఉండేది.

నీటిబొట్టు: వద్దండీ. పొరలు పల్చగా ఊడుతుంటే భయం లేదు, పెరిగే తాబేలుకు మామూలే. మెత్తబడినా, గుంటలు పడినా, వాసన వచ్చినా జబ్బే. నూనెకు మురికి అంటుకుంటుంది. డిప్పంటే పైతొడుగు కాదు, వెన్నెముకా పక్కటెముకలూ కలిసిపోయిన ఎముక. దానికి కాల్షియం, ఎండ కావాలి. నీళ్లలోంచి పూర్తిగా పైకెక్కి ఒళ్లు ఆరబెట్టుకునే రాయి కావాలి.

చెరువుపిల్ల: మాది కిటికీ పక్కనే ఉంటుంది. ఎండ చాలదా?

నీటిబొట్టు: అద్దం ఎండలోని యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలను ఆపేస్తుంది. అవి తగలకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారవదు, తిన్న కాల్షియం ఎముకకు పట్టదు. అందుకే ఇంట్లో ఆ కిరణాలిచ్చే బల్బు పెడతారు.

గోదారిగట్టు: మా నూతి తాబేలుకు ఏ బల్బు పెట్టాం? ముందు దానికి జవాబు చెప్పండి.

నీటిబొట్టు: మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా పడే నుయ్యి, తినడానికి నత్తలు. టబ్బులో పెల్లెట్లు (షాపులో అమ్మే గుళికల మేత) తినేదానితో పోలికేంటి?

అడవిదారి: నక్షత్ర తాబేలు లాంటి మన దేశపు తాబేళ్లను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

గోదారిగట్టు: పెద్దవాళ్ల మాటంటే అంత చులకనా? నూనె రాస్తే ఏ తాబేలు చచ్చిందో చూపించండి!

నీటిబొట్టు: మాదే చచ్చింది. రెండేళ్లు హాల్లో, ట్యూబులైటు కింద పెంచాను. పెల్లెట్లు చాలన్నాడు షాపతను. డిప్ప పాలిపోతే మూడు నెలలు నూనె రాశాను. మెరుస్తుంటే నయమైందనుకున్నాను. ఒకరోజు చేతిలోకి తీసుకుంటే అంచు బొటనవేలి కింద తడిసిన అప్పడంలా వంగింది. చంపింది నూనె కాదు. డాక్టరుకు చూపించాల్సిన మూడు నెలలూ నూనెతో గడిపేశాను.

గోదారిగట్టు: అయ్యో, ఈ మాట ముందే చెప్పాల్సింది. నా బాధా అదేనండీ. ఎండ పొడ తగలని ఫ్లాట్లలోకి ఇరవై ముప్ఫై ఏళ్లు బతికే ప్రాణిని తేవడమెందుకు? బల్బుతో సరిపోతుందంటే జనం ఇంకా కొంటారు.

నీటిబొట్టు: కొనొద్దనే నేనూ అంటాను. కొనేసినదాన్ని ఏం చేయమంటారు? చెరువులో వదిలితే మన తాబేళ్ల తిండికి, ఎండ కాగే చోటుకు పోటీ వస్తుంది.

కృష్ణలంక: ఇప్పుడే నొక్కి చూశాను. వాసన లేదు. తోక దగ్గర అంచు కాస్త వంగుతోంది. పొద్దున్నే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను.

గోదారిగట్టు: మీ బాల్కనీలోకి ఎండ ఎన్నింటికి వస్తుందమ్మా? తొట్టెలో సగం నీడ ఉండేలా పెట్టండి. కాకులొస్తాయి, పక్కనే కూర్చోండి.