టైట్రేషన్‌లో గులాబీ రంగు నిలవట్లేదు, ఏం చేయాలి?

మల్కాజ్‌గిరి_ఎంపీసీ: ఇంటర్ ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయి, టెన్షన్‌గా ఉంది. ఆమ్లంలోకి క్షారం చుక్కలుగా వదిలి ఎంత పట్టిందో కొలిచే టైట్రేషన్ చేస్తున్నా. ఫ్లాస్క్‌లో ఆక్సాలిక్ ఆమ్లం, పైన బ్యూరెట్‌లో (గీతలున్న కొలత గొట్టం) కాస్టిక్ సోడా, ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు. లేత గులాబీ వస్తుంది కానీ రీడింగ్ రాసుకుని తిరిగి చూసేసరికి మాయం. ఇంకో చుక్క వదలాలా? అసలు మిథైల్ ఆరెంజ్ వాడితే ఏమవుతుంది?

ల్యాబ్_అక్క: వదలకు తమ్ముడూ. ఫ్లాస్క్ తిప్పుతుండగానే రంగు పోతే ఇంకా వదలాలి. అర నిమిషం నిలిచిందంటే అదే ఎండ్ పాయింట్, అంటే చర్య పూర్తయిందని గుర్తు. తర్వాత గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, ఆమ్లం పెరిగితే తగ్గుతుంది) తగ్గుతుంది, రంగు పోతుంది.

ఇలా రంగు మారి చూపే ఇండికేటర్ కూడా ఒక బలహీన ఆమ్లమే. హైడ్రోజన్ అయాన్ దగ్గరుంటే ఒక రంగు, వదిలేస్తే ఇంకో రంగు. ఫినాఫ్తలీన్ అయాన్లు వదలగానే అణువులో ఒక వలయం తెరుచుకుని ఎలక్ట్రాన్లు అణువంతా పరుచుకుంటాయి. అప్పుడది ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటుంది, మనకు గులాబీ కనిపిస్తుంది. రెండు చుక్కలే వేయమనేది కూడా ఇందుకే. ఎక్కువ వేస్తే అదే కొంత సోడాను తినేస్తుంది.

రిటైర్డ్_మాస్టారు: మిథైల్ ఆరెంజ్ కూడా ఇండికేటరే, పీహెచ్ 3.1 దగ్గర ఎరుపు వదిలి 4.4కల్లా పసుపైపోతుంది. ఆక్సాలిక్ బలహీన ఆమ్లం కాబట్టి చర్య పూర్తయ్యేసరికి పీహెచ్ 8 దాటుతుంది. అంటే నీ రీడింగ్ చాలా తక్కువ వస్తుంది బాబూ. ఫినాఫ్తలీన్ మారేది 8.2 నుంచి 10 మధ్య, సరిగ్గా సరిపోతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లమైతే రెండూ నడుస్తాయి. అక్కడ చుక్క తేడాతో పీహెచ్ 4 ప్రాంతం నుంచి 10 ప్రాంతానికి ఎగురుతుంది.

ఉప్పల్_అమ్మ: మా బోరు నీళ్లతో బకెట్లన్నీ తెల్లగా పొక్కు కడతాయి. ఫినాఫ్తలీన్ వేస్తే మాత్రం రంగే రాలేదు. ఆమ్లమా ఇది?

ల్యాబ్_అక్క: కాదండీ. రంగు రాలేదంటే పీహెచ్ సుమారు 8.2 లోపు ఉందని మాత్రమే. బోరు నీళ్లలో ఉండేది ఎక్కువగా బైకార్బనేట్, దానికి ఫినాఫ్తలీన్ పలకదు. అందుకే ఆ క్షారత కొలవడానికి మిథైల్ ఆరెంజ్ వేసి ఆమ్లంతో టైట్రేట్ చేస్తారు.

ఉప్పల్_అమ్మ: పాప సైన్స్ ఫెయిర్‌కి ఇంట్లో ఉన్నవాటితో చేయొచ్చా?

రిటైర్డ్_మాస్టారు: పసుపు ఉందిగా అమ్మా. సున్నం కలిపి పారాణి చేసేది ఆ రంగు మార్పుతోనే. వంటసోడాకి అంత ముదురు ఎరుపు రాదు. నిమ్మరసానికి పసుపు పసుపుగానే ఉంటుంది కనుక ఆమ్లం చూపడానికి మందార రేకుల రసం తీసుకోండి. నిమ్మకాయకి ఎర్రబడుతుంది, సున్నపు తేటకి ఆకుపచ్చవుతుంది. ముందు రోజే మరిగించి ఉంటే ఫ్రిజ్‌లో పెట్టండి, బయట పాడైపోతుంది.